చేతులు కట్టించిన పాఠం

ఇంగ్లీషులో ‘ప’ పలకాలంటే పెదాలు గట్టిగా మూసి, లోపల గాలి పట్టి ఉంచి, ఒక్కసారిగా వదలాలి. నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుంటే అది ఎగరాలి. మన ‘ప’కి కాగితం కదలదు. ఈ ఒక్క సంగతి ఏడుగురు పెద్దమనుషుల బుర్రలోకి ఎక్కించడానికి నాకు నాలుగు శుక్రవారాలు పట్టింది. ఆ నాలుగు శుక్రవారాలూ నేను ఎవరి మీద ఎంత విసుక్కున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తొంభైల నడుమ సంగతి. ఖతార్‌లో, మెసయీద్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. గ్లౌజులు, హెల్మెట్లు, నట్లు, బోల్టులు కిటికీలోంచి ఇచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం నా డ్యూటీ. అంతకుముందు గోదావరి జిల్లాలో ఒక మిషన్ హైస్కూల్లో రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఆ సంగతి క్యాంపులో వినేవాడికీ విననివాడికీ చెప్పుకు తిరిగింది నేనే. కాబట్టి తర్వాత జరిగినదానికి ఇంకొకరిని అనడానికి లేదు.

మా సైటుకి ఇంగ్లండు నుంచి కొత్త సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. వచ్చిన వారంలోనే ఒక రూలు పెట్టాడు. క్రేను బరువు ఎత్తుతున్నప్పుడు కింద నిలబడి డ్రైవరుకి పైకి, కిందికి, ఆపు అని చెప్పేవాణ్ణి సిగ్నల్‌మన్ అంటారు. అప్పటిదాకా వాళ్ళు చేతి సైగలతోనే పని నడిపేవారు. కానీ పెద్ద పెద్ద ట్యాంకుల వెనక పని మొదలయ్యాక, డ్రైవరుకి చెయ్యి కనపడని చోట్లు ఎక్కువయ్యాయి. ఇకమీదట సిగ్నల్‌మన్ అనేవాడు చేతిలో వాకీటాకీ పట్టుకుని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పగలగాలి, దానికి పరీక్ష ఉంటుంది అన్నాడు. పన్నెండు మాటలు. ఎత్తడానికి హాయిస్ట్, దించడానికి లోయర్, ఇంకా స్లో, స్టాప్, ఇలాంటివి. పాసైనవాళ్ళు సిగ్నల్‌మన్‌లు అవుతారు. ఈ పని అయిపోయాక కంపెనీ అట్టిపెట్టుకునేది వాళ్ళనే. మిగతా రిగ్గర్లు, అంటే గొలుసులు, తాళ్ళు మోసి బరువులకు కట్టేవాళ్ళు, ఇంటికి పోవాల్సిందే.

మేనేజరు నన్ను పిలిచాడు. నువ్వు టీచరువి కదా, మీవాళ్ళు ఏడుగురున్నారు, నెల రోజులు టైముంది, వాళ్ళ నోళ్ళు కాస్త బాగుచెయ్యి అన్నాడు. నేను మహదానందంగా ఒప్పుకున్నాను. నట్లు, బోల్టులు లెక్కపెట్టే మనిషికి మళ్ళీ సార్ అనిపించుకునే యోగం పట్టింది మరి.

ఆ ఏడుగురిదీ కరీంనగర్ వైపు. అందరిలో పెద్దవాడికి నలభై దాటాయి, నాకంటే పదేళ్ళు పైనే ఉంటాయి. అయినా నేను నువ్వు అనే అనేవాణ్ణి, అతను సార్ అనేవాడు. ఈ కథంతా అతని గురించే. పదకొండేళ్ళుగా గల్ఫులో గొలుసులు మోసి మోసి అతని మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లు ఎక్కాలంటే కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కేవాడు. సిగ్నల్‌మన్ రానిరోజున అతన్నే పెట్టేవారు. నా స్టోర్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన క్రేన్ డ్రైవరు పైపును చూసేవాడు కాదు, అతని చేతినే చూసేవాడు. అతని చూపుడువేలు గాలిలో చిన్న సున్నా చుడితే పది మంది ఎత్తలేని పైపు మెల్లగా లేచేది. చెయ్యి చాపితే అక్కడికక్కడ ఆగేది. ఆ పని చేస్తున్నప్పుడు అతని మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు.

మొదటిరోజే నాతో ఉన్నమాట చెప్పాడు.

“మోసుడు ఇగ నాతోని గాదు సార్. నిలవడి చెప్పే పని దొరికితె ఇంకో నాలుగేండ్లు ఎల్లదీస్త. లేకుంటె ఈ మోకాళ్ళు జూసి ఇంకో కంపెనోడు నన్ను తీసుకోడు.”

నేనుండగా నీకేం భయం అన్నాను. నిజంగా అలాగే అన్నాను.

శుక్రవారం పొద్దున దోహా శివార్లలోని ఐన్ ఖాలిద్‌లో ఒక తెలుగువాళ్ళింట్లో ప్రార్థనకి వెళ్ళొచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాంపు మెస్సులో పాఠం మొదలుపెట్టేవాణ్ణి. బల్లల మీద పప్పు మరకలు, సింకులో గిన్నెల మోత. దోహాలో కొన్న ఇంగ్లీషు నేర్పే క్యాసెట్ ఒకటి నా దగ్గర ఉండేది. అందులో ఎవరో ఇంగ్లీషు ఆవిడ ఒక్కో శబ్దం పలికి ఆగుతుంది, మనం అనాలి.

మొదటి చిక్కు అక్షరాల దగ్గరే వచ్చింది. మనకి ‘క’ పేరు ‘క’, దాని శబ్దమూ ‘క’. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, అది చేసే శబ్దం వేరు. డబ్ల్యూ అని పిలిచేదాన్ని నోట్లో పెట్టుకుంటే పెదాలు గుండ్రంగా చుట్టి గాలి ఊదినట్టు రావాలి. వీ అంటే పై పళ్ళు కింది పెదవికి ఆనాలి, గొంతు మీద వేలు పెడితే వణుకు తెలియాలి. వించ్ అన్నా, వాల్వ్ అన్నా మనకి రెండూ ఒకటే ‘వ’. వాళ్ళకి కాదు. ఇదంతా విడమరిచి చెప్పి, అర్థమైందా అంటే ఏడుగురూ అయింది సార్ అనేవారు. చెప్పమంటే మళ్ళీ మొదటికొచ్చేది. స్టాపు, లెఫ్టు, రైటు. ప్రతి మాట చివరా ఒక ‘ఉ’ తగిలించందే వాళ్ళకు ఊపిరాడేది కాదు. హాయిస్ట్‌లో ‘హ’ మింగేసి ఆయిస్టు అనేవారు. చివరి శబ్దం దగ్గరే ఆపెయ్యండి, తోక తగిలించకండి అని అరిచి అరిచి నా గొంతు పోయింది. నోటుబుక్కుల్లో తెలుగు అక్షరాలతో రాసుకుంటున్నారని చూసి పుస్తకాలు మూయించాను. రాసుకోకపోతే మర్చిపోయేవారు. రాసుకుంటే తప్పు పలికేవారు. నా తలప్రాణం తోకకొచ్చింది.

అన్నిటికంటే నన్ను పిచ్చెక్కించింది వాళ్ళ చేతులు. హాయిస్ట్ అనమంటే నోరు తెరిచేలోపే వేలు పైకి లేచి సున్నా చుట్టేది. లోయర్ అంటే వేలు కిందికి. స్టాప్ అంటే చెయ్యి చాచేవారు. మెస్సు బల్ల ముందు ఏడుగురు కూర్చుని చేతులాడిస్తుంటే, పక్కబల్ల దగ్గర టీ తాగుతున్న బంగ్లాదేశ్ వాళ్ళు చూసి నవ్వేవారు. చెయ్యి లేవగానే పని అయిపోయినట్టు నోరు సగంలో ఆగిపోయేది. మాట పూర్తిగా బయటికి వచ్చేదే కాదు. చెయ్యే అంతా చెప్పేస్తుంటే నోటికి శ్రద్ధ ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకు కనిపెట్టేశాననిపించింది.

రెండో శుక్రవారం చిర్రెత్తుకొచ్చి, అందరూ లేచి నిలబడి చేతులు కట్టుకోండి అన్నాను.

ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. చదివింది మూడో తరగతో నాలుగో తరగతో అయినా, సార్ ముందు చేతులు కట్టుకోవడం వాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. ఏడు జతల చేతులు ఛాతీ మీదికి చేరి, వేళ్ళు చంకల్లోకి వెళ్ళిపోయాయి. నేను చదువుకున్న రోజుల్లో మా ఇంగ్లీషు మాస్టారు పద్యమైనా ప్రశ్నైనా అలాగే చెప్పించేవాడు. చెయ్యి కదిలితే కణుపుల మీద బెత్తం పడేది. నా ఉచ్చారణ బాగుందని నలుగురూ అంటారంటే అది ఆ బెత్తం చలవేనని నాకు గట్టి నమ్మకం. ఆ మెస్సు హాలు ఒక్కసారిగా తరగతి గదిలా మారిపోయింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆరుగురికి కాస్త బాగుపడింది. పెద్దాయనకి మాత్రం మాట పూర్తిగా పడిపోయింది. చేతులు కట్టుకుని నిలబడి, నోరు తెరిచి, చెమటలు కక్కుతూ నా మొహం చూసేవాడు. చెయ్యి లేవకుంటే మాట యాదికొస్తలేదు సార్ అన్నాడు. ఆ మాట ఆరోజే చెవిన పెట్టి ఉండాల్సింది. పదకొండేళ్ళుగా ఆ మనిషికి మాట చేతిలోనే ఉంది. నాకది తట్టలేదు. మొండితనం అనుకున్నాను.

“ట్యాంకు వెనకాల నీ చెయ్యి ఎవడికి కనపడుతుందయ్యా? నోరే నీ చెయ్యి అనుకో. నేను వదలమనేదాకా చేతులు వదలకు.”

మళ్ళీ నాకు ఎదురు చెప్పలేదు. స్టోర్సు ఇష్యూ పుస్తకంలోంచి నేను చింపి ఇచ్చిన కాగితం ముక్కని జేబులో పెట్టుకు తిరిగేవాడు. పొద్దున బాత్రూము లైనులో, ఒక చెయ్యి చంకలో పెట్టుకుని, రెండో చేత్తో కాగితం పట్టుకుని, స్టాప్, స్టాప్ అని ఊదుకుంటున్నాడని అతని రూమువాళ్ళు నవ్వుతూ చెప్పారు. ఊళ్ళో ఇంటివాళ్ళకు రాసిన ఉత్తరంలో దుబాయిలో సారు దగ్గర చదువుకుంటున్నానని రాశాడట. వాళ్ళకి ఖతారైనా దుబాయే. ఒక మంగళవారం క్రేను ఖాళీగా ఉన్నప్పుడు, ఎండలో దానికి ఎదురుగా చేతులు కట్టుకు నిలబడి పన్నెండు మాటలూ వల్లెవేసుకోవడం నా కిటికీలోంచి చూశాను. ఆరోజు నేను పొంగిపోయాను. నాలుగో శుక్రవారానికి ఏడుగురిలో అతని ‘ప’కే కాగితం ఎగిరింది. అతని ‘హ’ స్పష్టంగా ఉంది. మాటల చివర తోకలు ఊడిపోయాయి. కాకపోతే ప్రతి మాటకీ ముందు ఒక్క క్షణం ఆగేవాడు, లోపల పెదాలూ నాలుకా సర్దుకుంటున్నట్టు. నెమ్మదిగానే అననీ, శుద్ధంగా అంటున్నాడు కదా అనుకున్నాను.

పరీక్ష శనివారం పొద్దున. మొదటి సగం ఆఫీసులో, నోటితో. ఒక్కొక్కరే వెళ్ళి పన్నెండు మాటలు చెప్పాలి. పెద్దాయన వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. సేఫ్టీ ఆఫీసరు తల ఎత్తి చూశాడు. చాలా బాగుంది, ఎవరు నేర్పారు అన్నాడు. నేను కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. నిజానికి ఆ ఆఫీసరు మాట నాకే సగం అర్థమయ్యేది కాదు. క్యాసెట్‌లో ఆవిడ ఒక్కో శబ్దాన్ని ముత్యంలా పలికితే, ఈయన మాట చివర్లన్నీ మింగేసేవాడు. ఆ ‘ప్’ని నేను నాలుగు వారాలు సానబెట్టాను కదా, అది ఆయన నోట్లోంచి ఒక్కసారీ బయటికి రాలేదు. అదేం న్యాయమో నాకు తెలీదు.

రెండో సగం యార్డులో. లారీ మీద ఉన్న ఒక పైపును ఎత్తి, పరంజా పక్కనున్న చెక్క దిమ్మెల మీద దించాలి. క్రేనులో ఆ ఫిలిప్పీన్స్ డ్రైవరే. ట్యాంకులు అడ్డు లేవు, సిగ్నల్‌మన్ ఎదురుగానే కనపడతాడు. ఆఫీసరుకీ నాకూ కుర్చీలు వేశారు, సరిగ్గా అభ్యర్థి నిలబడే చోటుకి ముందు.

నలుగురు అయ్యాక పెద్దాయన వచ్చాడు. కుడిచేత్తో వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి కుడి చంకలోకి వెళ్ళిపోయింది. నా వైపు ఒకసారి చూశాడు. బాగుంది అన్నట్టు తలూపాను.

హాయిస్ట్ అన్నాడు. లేచింది. స్లో అన్నాడు. పైపు లారీ దాటి పక్కకి వస్తోంది. అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి విసురు ఒకటి కొట్టింది. పైపు కొస మెల్లగా పరంజా వైపు తిరగడం మొదలుపెట్టింది. అందరికంటే ముందు చూసింది అతనే. అతని కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమ భుజం ఒక్కసారి అదిరింది. చెయ్యి బయటికి రాలేదు. పెదాలు రెండూ గట్టిగా మూసుకున్నాడు. మాట కూర్చుకుంటున్నాడు. చెయ్యి లేపవయ్యా అని నా గొంతుదాకా వచ్చింది, పరీక్షలో మాట్లాడకూడదని ఊరుకున్నాను. పైపు వెళ్ళి పరంజా కమ్మీకి కొట్టుకుంది. కమ్మీ వంగింది. పైనుంచి ఒక పలక జారి కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

అప్పుడు వచ్చింది అతని నోట్లోంచి, స్టాప్ అని. ఎంత శుభ్రంగా వచ్చిందంటే యార్డులో వాళ్ళంతా తిరిగి చూశారు.

ఆఫీసరు లేచి వెళ్ళి వంగిన కమ్మీని చూసి వచ్చాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. ఇతని ఉచ్చారణకి ఏ వంకా లేదు. కానీ కింద ఒక మనిషి ఉండి ఉంటే ఈపాటికి చచ్చిపోయేవాడు. తమాషా చూస్తున్నవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి నేను బరువు అప్పగించలేను. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు మంట పుట్టించింది కూడా అదే.

ఆఖరి ఇద్దరూ వచ్చారు. క్రేను కదలగానే వాళ్ళు నేను చెప్పిందంతా గాలికొదిలేశారు. అంతకుముందు నలుగురూ చేసిందీ అదే. ఒక చేత్తో వాకీటాకీ, రెండో చెయ్యి గాలిలో గిరగిరా తిరుగుతూ, స్టాపు స్టాపు, సలో సలో అని తోకలతో సహా అరిచారు. పైపు చెప్పిన చోట దిగింది. ఆఫీసరు నవ్వి, ఉచ్చారణ సంగతి పని మీద అదే వస్తుందిలే అని ఆరుగురినీ పాస్ చేశాడు. నా మాట పెడచెవిన పెట్టినవాళ్ళు పాసయ్యారు. నేను చెప్పింది చెప్పినట్టు చేసినవాడు తప్పాడు. నాలుగు వారాలు నేను నేర్పిందేమిటో దేవుడికి తెలియాలి.

సాయంత్రం ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచాడు. ఆ పెద్దాయన రికార్డు అంతా చూశాను, పదకొండేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు, ఇవాళ చేతులెందుకు కట్టుకున్నాడు అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కాగితం, పెన్ను ముందు పెట్టుకున్నాడు. నేను కట్టుకోమన్నాను సార్ అంటే సరిపోయేది. ఇంగ్లీషులో నాలుగు మాటలు. నాలుగింటినీ నేను చక్కగా పలకగలను.

“అది మా దేశంలో అలవాటు సార్,” అన్నాను. “పెద్దవాళ్ళ ముందు అలా నిలబడటం మర్యాద.”

అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. అలవాటైతే మానడానికి టైము పడుతుందని ఆయన ఏదో రాసుకున్నాడు. మళ్ళీ పరీక్ష రెండు నెలల తర్వాత అన్నాడు. పెద్దాయన కాంట్రాక్టు ఆ నెలతోనే అయిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆఫీసరుకి తెలుసో లేదో నేను అడగలేదు. గదిలోంచి బయటికి వచ్చాక చూసుకుంటే, నా చేతులూ ఛాతీ మీద కట్టుకునే ఉన్నాయి.

రెండు వారాలకి అతని వీసా క్యాన్సిల్ అయింది. వెళ్ళిపోయే ప్రతివాడూ స్టోర్సుకి వచ్చి కంపెనీ సామాను అప్పజెప్పి, స్లిప్పు మీద నా సంతకం తీసుకోవాలి. అది ఉంటేనే పాస్‌పోర్టు చేతికిస్తారు. పొద్దున పదింటికి వచ్చాడు. హెల్మెట్టు, బూట్లు, బెల్టు, గ్లౌజులు ఒక్కొక్కటే కిటికీ పలక మీద పెట్టాడు. ఆఖర్న జేబులోంచి నలిగిపోయిన కాగితం ముక్క తీసి అదీ పక్కన పెట్టాడు. స్టోర్సు కాగితం కదా, వాపసు ఇవ్వాలనుకున్నట్టున్నాడు.

నేను సామానంతా పుస్తకంలో ఎక్కించుకున్నాను. నా మీద నాకున్న కోపమంతా అతని మీదికి మళ్ళింది. పైపు తిరగడం నీకు కనపడలేదా అని కసిరినట్టే అడిగాను. చూసిన సార్ అన్నాడు. చూసినవాడివి చెయ్యి ఎందుకు లేపలేదు అన్నాను.

అతను కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

“చెయ్యి లేసింది సార్. నేనే గట్టిగ పట్టుకున్న. మీరు ముందట కూసున్నరు గద.”

అందులో నిష్ఠూరం లేదు. నేను ఎంత వెతికినా లేదు. ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

సేఫ్టీ ఆఫీసరు గది నా కిటికీకి ఎదురుగానే ఉంది. తలుపు తీసే ఉంది. ఆయన లోపల కూర్చుని ఏదో రాసుకోవడం నాకు కనపడుతూనే ఉంది. వెళ్ళి ఆ నాలుగు మాటలు చెబితే, స్లిప్పు మీద ఇంకా సంతకం పడలేదు కాబట్టి, ఏమన్నా జరిగేదేమో. నేను స్లిప్పు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాను. స్టాంపు వేశాను. కిటికీలోంచి బయటికి జరిపాను.

అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోయొస్త సార్ అన్నాడు. అని కదల్లేదు. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ఆ అరిగిపోయిన మోకాళ్ళ మీద ఎండలో అలాగే నిలబడ్డాడు, నేను వెళ్ళమనేదాకా.

వెళ్ళమన్నాను.